వేప చేదును శోధించిన శాస్త్రవేత్త

ధాన్యపు గాదెలో వేపాకు వేసి పురుగును నివారించడం మన పల్లెల్లో అనాదిగా వస్తున్న ఆచారం. ఆ వేప చేదులోని సారాన్ని రసాయనశాస్త్ర పద్ధతిలో వెలికితీసిన మహనీయుడు డా. సలీముజ్జమాన్ సిద్దీఖీ.

ఆయన 1897 అక్టోబరు 19న లక్నో సమీపాన బారాబంకీ జిల్లా సుబేహాలో జన్మించారు. అలీగఢ్‌లో తత్త్వశాస్త్రం, పారశీకం అభ్యసించి, వైద్యవిద్యకై 1920లో లండన్ వెళ్ళారు. ఏడాదికే మనసు రసాయనశాస్త్రం వైపు మళ్ళగా జర్మనీ చేరి, 1927లో ఫ్రాంక్‌ఫర్ట్‌లో డాక్టరేట్ పొందారు. చిత్రకళలోనూ ఆయనది అందెవేసిన చేయి.

స్వదేశానికి తిరిగివచ్చి, హకీం అజ్మల్ ఖాన్ ప్రోత్సాహంతో ఢిల్లీలో ఔషధ మొక్కలపై పరిశోధనకు పూనుకున్నారు. 1931లో సర్పగంధ వేరు నుండి ఒక ఆల్కలాయిడును వేరుచేసి, గురుతుల్యుడైన ఆ హకీం పేరిట దానికి అజ్మలిన్ అని నామకరణం చేశారు. 1942లో వేపనూనె నుండి నింబిన్, నింబినిన్, నింబిడిన్ అనే చేదు పదార్థాలను వేరుచేశారు.

1951లో ఆహ్వానంపై పాకిస్తాన్‌కు తరలివెళ్ళారు. దేశం మారినా వేపపై ఆయన పరిశోధన ఆగలేదు. 1961లో లండన్ రాయల్ సొసైటీ సభ్యత్వం లభించింది. 1968లో శాస్త్రవేత్తలు బటర్‌వర్త్, మోర్గాన్ వేపగింజల నుండి అజాడిరక్టిన్‌ను వేరుచేశారు. అది పురుగుకు ఆకుపై విముఖత కలిగిస్తుంది; కుబుసం విడిచి ఎదగనీయదు.

సిద్దీఖీ 1994 ఏప్రిల్ 14న కరాచీలో కన్నుమూశారు. నేడు మన రైతులు పైరుపై వేపగింజల కషాయం చల్లుతున్నారు. ఆ చేదు మహిమను శాస్త్రానికి ఎరుకపరచిన తొలితరం పరిశోధకులలో ఆయన అగ్రగణ్యులు.