తట్టకుండానే అందిన కబురు



బ్రాడీపేటలో మీ ఇంట్లో వీడియో కాల్ ఆగి ఆగి వస్తే, అమ్మమ్మ పెదాలు కదిలిన కాసేపటికి మాట వినిపిస్తే ఎంత చిరాకో కదా! వైర్‌లెస్ పుట్టిన కొత్తలో ఆలస్యం ఇంకా మొరటుగా ఉండేది. సంకేతాన్ని పట్టేది గాజుగొట్టంలోని లోహపు రజను. తరంగం తగలగానే రజను అతుక్కుని కరెంటు పారేది. తర్వాతి చుక్కో గీతో అందాలంటే గొట్టాన్ని చిన్న సుత్తితో తట్టి రజనును విడదీయాలి. తట్టు సరిగా పడకపోతే ఆ అక్షరం పోయినట్టే.

ఈ చిక్కు మీద పనిచేసినవారిలో జగదీశ్ చంద్ర బోస్ ఒకరు. 1858లో మైమెన్‌సింగ్‌లో పుట్టారు. 1885లో కోల్‌కతా ప్రెసిడెన్సీ కాలేజీలో చేరారు. తెల్లవారికన్నా తక్కువ జీతం ఇస్తామంటే, మూడేళ్లు అసలు జీతమే ముట్టకుండా పాఠాలు చెప్పారు. ఒకటో తారీఖు కోసం ఎదురుచూసే మాలాంటి టీచర్లకు ఇది ఊహకు అందదు! చివరికి పూర్తి జీతం, బకాయిలతో సహా, ఇచ్చారు.

1899లో ఆయన ఇనుము, పాదరసంతో చేసిన పరికరం తరంగం పోగానే తనంతట తానే మామూలు స్థితికి వచ్చేది. తట్టే పనీ లేదు, ఆ ఆలస్యమూ లేదు. తర్వాత గలీనా స్ఫటికంతో చేసినదానికి 1904లో అమెరికా పేటెంటు వచ్చింది. అదీ స్నేహితుల బలవంతం మీదే. దాన్ని సొమ్ము చేసుకోలేదు. ఆపైన ఆయన మనసు మొక్కల మీదికి మళ్లింది. 1937లో గిరిదిహ్‌లో కన్నుమూశారు.

ఆయన ప్రయోగాల్లోని అతి చిన్న తరంగాల పొడవు సుమారు 5 మిల్లీమీటర్లు. 2022లో మన 5జీ వేలంలో అమ్మిన 26 గిగాహెర్ట్జ్ తరంగానిది దాదాపు 11.5. మీ పాప పెన్సిల్ బాక్సులోంచి స్కేలు తీసి, రెండూ చూపించండి.