నాణ్యతకు కొలత నేర్పిన ఆచార్యుడు డెమింగ్

ఒక వస్తువులో లోపం కనిపించగానే దానిని తయారుచేసిన కార్మికుని నిందించడం లోకసహజం. ఆ లోపం అతని చేతిలో పుట్టినదా, లేక అతని చేతికి అందిన సరుకులోనే ఉన్నదా అని విచారించేవారు అరుదు. ఈ విచారణనే జీవితవ్రతంగా స్వీకరించిన గణాంక శాస్త్రవేత్త డాక్టర్ విలియం ఎడ్వర్డ్స్ డెమింగ్. వారి జీవితాన్ని విద్యార్థి లోకానికి పరిచయం చేయడమే మా ఉద్దేశం.

డెమింగ్ గారు 1900 అక్టోబరు 14న అమెరికాలోని అయోవా రాష్ట్రంలో జన్మించారు. వారి బాల్యం వ్యోమింగ్ ప్రాంతంలో పేదరికంలో గడిచింది. 1921లో పట్టభద్రులై, 1928లో యేల్ విశ్వవిద్యాలయం నుండి డాక్టరేటు పొందారు. అనంతరం టెలిఫోన్ పరిశ్రమకు చెందిన వాల్టర్ షూహార్ట్ గారి కృషి వారిని విశేషంగా ఆకర్షించింది. షూహార్ట్ 1924లో నియంత్రణ పటమును రూపొందించారు. ఏ ఉత్పత్తిలోనైనా కొలతలు ఎంతో కొంత మారుతూనే ఉంటాయి. ఆ మార్పు పనిచేసే పద్ధతిలోనే ఇమిడి ఉన్నదా, లేక ఏదో ప్రత్యేక కారణం వలన కలిగినదా అని గుర్తించడానికి ఆ పటం తోడ్పడుతుంది. పద్ధతిలోనే ఉన్న లోపానికి మనిషిని దండించి ప్రయోజనం లేదు, పద్ధతినే సవరించాలి. డెమింగ్ గారి బోధనకు ఇదే పునాది.

1947లో జనాభా లెక్కల పనిమీద డెమింగ్ గారు జపాను వెళ్లారు. యుద్ధంలో కుప్పకూలిన ఆ దేశపు సరుకు అప్పట్లో నాసిరకానికి మారుపేరు. 1950లో జపాను శాస్త్రవేత్తల, ఇంజనీర్ల సంఘం ఆహ్వానంపై వారు ఇంజనీర్లకే గాక, పెద్ద కంపెనీల అధిపతులకు కూడా ఉపన్యాసాలిచ్చారు. ఉత్పత్తి కర్మాగారపు గోడల మధ్య మాత్రమే జరగదని, ముడిసరుకు ఇచ్చేవారితో మొదలై వినియోగదారుని వరకు సాగే ఒకే గొలుసు అని ఒక పటం గీసి చూపారు. ప్రతి దశలోనూ కొలవాలి. తెలిసిన విషయాన్ని వెనుకటి దశకు అందజేయాలి. ధర ఒక్కటే చూసి సరుకు కొనరాదన్నది వారి ప్రసిద్ధమైన 14 సూత్రాలలో ఒకటి. చౌకగా వచ్చిన నాసి సరుకు చివరకు అధిక వ్యయానికే దారితీస్తుంది. సరఫరాదారుని దీర్ఘకాల భాగస్వామిగా భావించి, ఇరువురూ కలిసి నాణ్యతను పెంచుకోవాలన్నది వారి ఆశయం.

ఈ సత్యాన్ని వారు పూసల ఆటతో బోధించేవారు. ఒక పెట్టెలో 3,200 తెల్లపూసలు, 800 ఎర్రపూసలు కలిపి ఉంచేవారు. ఆరుగురు 50 గుంటలు గల పలకను అందులో ముంచి తెల్లపూసలనే తీయాలి. ఎర్రపూసలు తక్కువ వచ్చినవారికి మెప్పు, ఎక్కువ వచ్చినవారికి మందలింపు! ఎంత శ్రద్ధ వహించినా ఎర్రపూసలు రాక మానవు. దోషం చేతిలో లేదు, పెట్టెలో ఉన్నది. ఆ పెట్టెను నింపి పంపినవారితో మాట్లాడనిదే ఫలితం మారదు.

తమ ఉపన్యాసాల గ్రంథానికి రావలసిన ప్రతిఫలాన్ని డెమింగ్ గారు స్వీకరించలేదు. ఆ ధనంతో జపానువారు 1951లో వారి పేరిట బహుమతిని నెలకొల్పారు. 1998లో చెన్నైకి చెందిన సుందరం క్లేటన్ సంస్థ ఆ బహుమతి పొందిన తొలి భారతీయ సంస్థ అయింది. జపాను అభ్యుదయమంతా డెమింగ్ గారొక్కరి వలననే కలిగిందనడం అతిశయోక్తి; ఆ దేశపు ఇంజనీర్లు, కార్మికుల శ్రమ అపారం. అయితే స్వదేశంలో సామాన్యులు వారి పేరు విన్నది 1980లో ఒక టెలివిజన్ కార్యక్రమం ద్వారానే. అప్పటికి వారికి 79 ఏళ్లు! 1993 డిసెంబరు 20న పరమపదించే వరకు వారు బోధన మానలేదు.

విద్యార్థులకు మార్కులతో వరుసలు కట్టడాన్ని కూడా డెమింగ్ గారు వ్యతిరేకించారు. అంతమాత్రాన వారు కొలతకు శత్రువులు కారు. కొలతను కొరడాగా వాడడానికి మాత్రమే శత్రువులు. పాఠశాల నుండి కళాశాలకు, కళాశాల నుండి ఉద్యోగానికి సాగే మన చదువు కూడా ఒక గొలుసే కదా! పరీక్షా ఫలితాలు చేతికందిన నాడు ఎవరు తప్పారని మాత్రమే గాక, ఎక్కడ తప్పిందని కూడా మనము ప్రశ్నించుకుంటే, ఆ మహనీయునికి అదే మన నివాళి.