రొనాల్డు రాసు: ఒక వైద్యుని వినోదములు

సికిందరాబాదు చెంత బేగంపేటలో నొక పాత భవనము కలదు. మలేరియా అను చలిజ్వరపు క్రిమి దోమ కడుపున పెరుగునను సత్యము 1897 ఆగస్టు 20వ తేదీన అచ్చటనే బయల్పడెను. దానిని కనుగొనిన రొనాల్డు రాసు పేరు బడిపిల్లలకును తెలియును. కాని ఆయన కోరి వైద్యుడైనవాడు కాడని యెరిగినవారు తక్కువ.

రాసు 1857 మే 13న అల్మోరాలో జన్మించెను. తండ్రి సేనాధికారి. ఎనిమిదవ యేట చదువునకై ఇంగ్లండుకు పంపబడెను. బాలునకు చిత్రలేఖనము, సంగీతము, పద్యరచన ప్రీతి. తండ్రి పట్టుదల వైద్యవిద్య. లండనులో వైద్యశాలయందు చేరియు ఆయన పాటలు కట్టుచు, నాటకములు వ్రాయుచు కాలము గడిపెను. 1881లో ఇండియన్ మెడికల్ సర్వీసున చేరి మద్రాసుకు వచ్చిన పిదప ఆ వ్యసనము తగ్గకపోగా గణితము దానికి తోడయ్యెను. గురువు లేకయే గణితగ్రంథములు పఠించెను. 1889లో ఒక నవలయు వెలువరించెను. కొలువున నున్నవాడు కాగితములపై పద్యములు గిలుకుచు, లెక్కలు కట్టుచు కూర్చుండిన లోకము మెచ్చునా?

1894లో లండనున మాన్సను అను వైద్యుడు దోమలను పరీక్షింపుమని ఆయనను ప్రోత్సహించెను. 1895లో సికిందరాబాదు చేరిన రాసు రెండేండ్లు దోమలను కోసి చూచెను. అవి తగిన జాతివి కావు, ఫలితము శూన్యము. 1897 ఆగస్టు 16న హుస్సేన్ ఖాన్ అను జ్వరరోగి, దోమ ఒక్కింటికి ఒక అణా చొప్పున పుచ్చుకొని, మచ్చల రెక్కల దోమలచే కుట్టించుకొనెను. ఈ ఘనతలో ఆతని పాలును మరువరాదు. గాలికి దోమ ముక్కలు చెదరునని రాసు పంకా వీవనీయలేదు. సూక్ష్మదర్శిని మరలు చెమటకు తుప్పుపట్టెను. నాలుగవ నాడు ఒక దోమ పొట్టగోడలో నల్లని రేణువులతో గూడిన గుండ్రని కణములు కనబడెను. ఆ సంతోషమున ఆయన చేసిన పని పద్యము వ్రాయుట!

మరుసటి నెలలోనే రాజపుతానాకు బదిలీ అయ్యెను. 1898లో కలకత్తాలో పక్షుల మలేరియా దోమకాటుచే వ్యాపించు విధమును పూర్తిగా తేల్చెను. మనుష్యుల జ్వరమును అనాఫిలీసు దోమ మోయునని అదే సంవత్సరము ఇటలీలో గ్రాస్సీ మొదలగువారు నిరూపించిరి. ఆ కీర్తి యెవరిదను కలహమున రాసు ఔదార్యము చూపలేదనక తప్పదు. 1902లో నోబెల్ బహుమానము ఆయనకే లభించెను.

గణితవినోదము మాత్రము వృథా పోలేదు. ఊరిలోని దోమలన్నియు చావనిదే జ్వరము పోదని పలువురి వాదము. రాసు మారిషసు ద్వీపమున పనిచేసి, 1908లో ఆ నివేదికయందు లెక్క కట్టెను. రోగిని కుట్టిన దోమ కొన్నాళ్లు బ్రతికి, మరల మనుష్యునే కుట్టవలెను, అట్టివి కొన్నియే. కనుక దోమలు ఒక పరిమితికి తగ్గినచో, ఒక రోగి కోలుకొనులోపల మరియొక రోగి యేర్పడడు. వ్యాధి తనంతట క్షీణించును. ఈ లెక్కను 1910లో మలేరియా నివారణ గ్రంథమునను, 1916లోను, 1917లో హిల్డా హడ్సను అను గణితజ్ఞురాలితో గూడియు విస్తరించెను. 1950 దశకమున మాక్డొనాల్డు దీనిని పెంపొందించెను. 2020లో కరోనా వ్యాప్తిని అంచనా వేసిన లెక్కలును ఈ జాడలోనివే.

రాసు 1932 సెప్టెంబరు 16న లండనులో మరణించెను. బేగంపేట భవనమునకు ఆయన పేరే పెట్టబడినది.