దిఙ్నాగాచార్యుడు

పుదుచ్చేరి పట్టణమునుండి మురుంగపాక్కం మీదుగా దక్షిణమునకు పోవు బాటలో అరియాంకుప్పం ఏరు అడ్డము వచ్చును. ఆ ఏటి యొడ్డున అరికమేడు అను ప్రాచీన స్థలము కలదు. 1945లో అచట త్రవ్వకములు జరుపగా రోము సామ్రాజ్యమునుండి వచ్చిన మట్టిపాత్రల శకలములు బయల్పడి, క్రీస్తుశకారంభమునాటికే ఆ తీరమున విదేశవర్తకము సాగుచుండెనని తేలినది. సరకులు తిరిగిన బాటలలోనే భిక్షువులును, పండితులును, వారితోపాటు వాదములును తిరుగుట ఆ కాలపు వాడుక. ఆ తీరమునకు ఉత్తరముగా, నూరు కిలోమీటర్లకు మించిన దూరమున, కాంచీపురము కలదు. వైదికులు, బౌద్ధులు, జైనులు ఒక్క నగరముననే వసించి, ఒకరి సిద్ధాంతము నొకరు పరీక్షించుచు ఖండించుచు నుండిన తావది. ఆ కాంచికి చేరువనున్న సింహవక్త్రమను గ్రామమున ఒక బ్రాహ్మణకుటుంబమున దిఙ్నాగుడు జన్మించెనని టిబెట్టు చరిత్రకారులు వ్రాసిరి. ఆయన జీవితకాలము సుమారు 480 మొదలు 540 వరకని పండితుల నిర్ణయము.

తన్ను గూర్చి దిఙ్నాగుడు ఏమియు వ్రాసికొనలేదు. ఏడవ శతాబ్దిలో మన దేశమునకు వచ్చిన చీనా యాత్రికుడు హ్యూయెన్ త్సాంగు, పదునాలుగవ శతాబ్దివాడైన బుస్తోన్, 1608లో తన చరిత్రను ముగించిన తారానాథుడు — వీరు చెప్పినదే మనకు ఆధారము. వీరి కథలలో అద్భుతములు మిక్కుటము. అయినను కొన్ని కథలు, ఆచార్యుని గ్రంథములు చదివినవారికి, ఆయన బుద్ధిస్వభావమును చక్కగా చూపునవిగా నున్నవి.

అట్టి కథలలో మొదటిది ఆయన గురువును విడిచిన వృత్తాంతము. దిఙ్నాగుడు యౌవనమున నాగదత్తుడను వాత్సీపుత్రీయ శాఖకు చెందిన ఆచార్యునివద్ద ప్రవ్రజించెను. ఆ శాఖవారు బౌద్ధులలో ఒక విలక్షణమైన మతమును పట్టుకొనిరి. పంచస్కంధములతో అభిన్నమని గాని భిన్నమని గాని చెప్పనలవికాని పుద్గలమొకటి కలదని వారి సిద్ధాంతము. గురువు శిష్యునికి ఆ పుద్గలమును వెదకుమని ఆదేశించెను. శిష్యుడు మాటను యథాతథముగా శిరసావహించెను. పగటివేళ కిటికీలన్నియు తెరచెను. రాత్రివేళ నలుదిక్కుల దీపములు వెలిగించెను. వస్త్రములను సైతము విడిచి తన శరీరమును లోపల వెలుపల పరికించుచు కూర్చుండెను. ఇదేమి పని యని గురువు అడుగగా, తమరు వెదకుమన్నదానిని వెదకుచున్నాననియు, అది ఎంత ప్రయత్నించినను కానరాకున్నది గావున దాచిన మరుగులేవైన నున్నవేమో యని అన్నిటిని తొలగించితిననియు శిష్యుడు విన్నవించెను. గురువునకు ఇది తన మతమును ఎగతాళి చేయుటగా తోచినది, మఠము విడిచిపొమ్మనెను. శిష్యుడు ప్రణమిల్లి వెడలిపోయెను. ఈ వెలివేతతో ఆయన కోల్పోయినది తక్కువ కాదు. ఆశ్రయమును, గురుకులమును ఒక్కమారుగా పోయినవి.

ఇందు పరిహాసమే కలదో, ముగ్ధమైన శ్రద్ధయే కలదో చెప్పుట కష్టము. తర్కము చదువని వయస్సుననే, ఒక మాట నిజమైనచో దానికి ఎచ్చటనో ఒకచోట ఆనవాలు ఉండవలెనని పట్టుబట్టిన స్వభావము మాత్రము ఇందు స్పష్టము.

అటుపిమ్మట ఆయన వసుబంధువునకు శిష్యుడై యోగాచార శాస్త్రమును, వాదవిద్యను అభ్యసించెనని సంప్రదాయము. వసుబంధువు పేర వాదవిధి యను గ్రంథము ప్రచారమున నుండెను. తన ప్రధానగ్రంథమున దిఙ్నాగుడు ఆ వాదవిధిని పరీక్షించి, అది ఆచార్యుని కృతియే కాదనియో, ఆయన కృతియే యైనను అందు సారము లేదని ఆయనయే యెరుగుననియో తలంపవలెనన్న ధోరణిలో వ్రాసి, దాని లక్షణములను ఖండించెను. గురుభక్తి నొకవంక నిలుపుకొనుచు, మరియొకవంక గురువు పేరనున్న వాక్యమైనను పరీక్షకు లోబడవలసినదే యని చూపిన యీ తీరు మన శాస్త్రవాఙ్మయమున అరుదైనది కాదు గాని, ఇంత సౌమ్యముగా చేసినవారు కొలదిమందియే.

ఆనాటి వాదసభల స్థితిని ఇచట కొంత తలచికొనవలెను. న్యాయసూత్రములు వాదకథను మూడు విధములుగా విభజించినవి. తత్త్వమును తెలిసికొన గోరి ఇరువురు జిజ్ఞాసువులు జరుపునది వాదము. గెలుపే ధ్యేయముగా జరుపునది జల్పము. తనకొక పక్షమే లేక పరపక్షమును కూల్చుటకు మాత్రమే జరుపునది వితండ. పేరులు మూడైనను సభలో అవి వేరువేరుగా నిలుచుట దుర్లభము. ఓడినవాడు గెలిచినవాని మతమును స్వీకరింపవలెనను పణమున్నచోట జిజ్ఞాస ఎంతసేపు నిలుచును? దిఙ్నాగుడును అట్టి సభలలో పాల్గొనెను. నాలందలో సుదుర్జయుడను బ్రాహ్మణ తార్కికుని గెలిచెనని తారానాథుడు చెప్పుచున్నాడు. కాని ఆయన శ్రద్ధ గెలుపుమీదకంటె, గెలుపు ఎప్పుడు న్యాయమైనదగును అను ప్రశ్నమీద నిలిచినది.

ఆ ప్రశ్నకు సమాధానము ఆంధ్రదేశమున వ్రాయబడినదని హ్యూయెన్ త్సాంగు నమ్మెను. వేంగి రాజధానికి, అనగా నేటి ఏలూరు చెంతనున్న పెదవేగికి, నైరృతిదిశగా ఇరువది లీల దూరమున ఒంటికొండయు, దానిపై రాతిస్తూపమును కలవనియు, దిఙ్నాగుడు హేతువిద్యాశాస్త్రమును రచించినది అచ్చటనే యనియు ఆ యాత్రికుడు వ్రాసినాడు. పూర్వశాస్త్రము మిక్కిలి విస్తరించి యుండుటచే విద్యార్థులు దానిని గ్రహింపలేక తికమకపడుచుండిరట. దానిని క్లుప్తపరుప నెంచి ఆచార్యుడు ఆ కొండపై ఏకాంతధ్యానమున కూర్చుండెను. కొండ వెలుగుట చూచిన రాజు వచ్చి, అర్హత్పదమును సాధింపుమని ప్రార్థించెను. ఆచార్యుని మనస్సు అటు మొగ్గినంతలో మంజుశ్రీ ప్రత్యక్షమై, లోకహితమును విడిచి తన ముక్తిని మాత్రమే చూచుకొనుట తగదని మందలించెనట.

ఇదే సందిగ్ధము మరింత తీవ్రముగా టిబెట్టువారి కథలో కనబడుచున్నది. చెదరియున్న తన చిన్నగ్రంథముల సారమును ఒక్కచోట కూర్ప సంకల్పించి, దిఙ్నాగుడు ఒక కొండగుహగోడమీద ప్రమాణసముచ్చయపు మంగళశ్లోకమును సుద్దతో వ్రాసి భిక్షకు వెళ్లెను. కృష్ణమునిరాజు అను వాది వచ్చి దానిని తుడిచివేసెను. మరల వ్రాయగా మరల తుడిచెను. మూడవమారు వ్రాసినప్పుడు ఆచార్యుడు ప్రక్కన ఒక విన్నపమును చేర్చెను: తుడిచినది వేడుకకైనచో ఇక చేయవలదు, ఇది గొప్ప ప్రయోజనము కలది, తప్పని తోచి తుడిచినచో ఎదుటకు వచ్చి తప్పు చూపవలసినది అని దాని తాత్పర్యము. వాది నిలిచియుండెను. వాదము జరిగెను, అతడు పలుమార్లు ఓడెను. ఒప్పుకొనిన పణము ప్రకారము ధర్మమును స్వీకరింపుమనగా, క్రోధముతో నోటినుండి అగ్నిని వెలిగ్రక్కి ఆచార్యుని వస్త్రములను సామగ్రిని దగ్ధము చేసెను.

దిఙ్నాగుని మనస్సు ఆ క్షణమున విరిగినది. ఎదుటనున్న ఒక్క మనుష్యునికి మేలు చేయలేనివాడు సకలప్రాణులకు ఏమి చేయగలడు? ఈ సుద్దముక్క నేలబడినంతనే ఈ పని మాని తన శాంతిని తాను చూచుకొందునని నిశ్చయించి దానిని పైకి విసరెను. సుద్ద క్రిందపడలేదు. తల యెత్తి చూడగా మంజుశ్రీ దానిని చేత పట్టుకొని యుండెను; తాను తోడుందునని అభయమిచ్చి, ఈ గ్రంథము ముందుముందు సర్వశాస్త్రములకు కన్నగునని ఊరడించెను.

అగ్నిని వెలిగ్రక్కుటను నమ్మినను నమ్మకున్నను, వాదమున ఓడినవాడు మాట తప్పి బలప్రయోగమునకు దిగుట లోకమున నిత్యము చూచునదే. యుక్తి సరియైనంతమాత్రమున వినువాని హృదయము మారదు. తార్కికుని దుఃఖమిది. దిఙ్నాగుడు దానిని దాచినట్లు కథ చెప్పలేదు.

ఇక ఆ గ్రంథమున ఏమున్నది? ఆరు పరిచ్ఛేదములు కలవు. జ్ఞానసాధనములు రెండే, ప్రత్యక్షము అనుమానము అని ఆయన మతము. అనుమానమును స్వార్థము పరార్థము అని విభజించెను. కొండపై పొగ చూచి నిప్పున్నదని తాను గ్రహించుట స్వార్థము; వంటయింటిని చెరువును ఉదాహరించి మరియొకనికి గ్రహింపజేయుట పరార్థము. తాను స్పష్టముగా చూడనిది ఇతరునికి చూపబూనుట ఆయన దృష్టిలో వాదమే కాదు.

హేతువు సరియైనదగుటకు మూడు లక్షణములు కావలెను. చర్చించు వస్తువునందు, అనగా పక్షమునందు, అది ఉండవలెను. సాధ్యము కలదని ఇరుపక్షములవారు ఒప్పుకొనిన సపక్షమున ఉండవలెను. సాధ్యము లేని విపక్షమున ఎచ్చటను ఉండరాదు. ఈ నియమమును హేతుచక్రమను చిన్నపుస్తకమున తొమ్మిది గడులుగా పరచి చూపెను. సపక్షమున హేతువు అంతట ఉండవచ్చును, కొంత ఉండవచ్చును, అసలే లేకపోవచ్చును, విపక్షమునను అంతే. మూటిని మూట హెచ్చింపగా తొమ్మిది. వీనిలో సాధకములు రెండు మాత్రమే, రెండు విరుద్ధములు, తక్కిన అయిదును నిర్ణయమునకు చాలనివి.

ఆయన ఇచ్చిన ఉదాహరణములే చూతము. శబ్దము అనిత్యము, పుట్టించబడినది గనుక: కుండవంటి అనిత్యవస్తువులన్నిటియందు ఈ హేతువున్నది, ఆకాశమువంటి నిత్యవస్తువునందు లేదు, ఇది సాధకము. శబ్దము అనిత్యము, ప్రయత్నముచే పుట్టినది గనుక: కుండయందు ఈ హేతువున్నది, మెరపునందు లేదు, అయినను నిత్యవస్తువునందు ఎచ్చటను లేదు గావున ఇదియు సాధకమే. శబ్దము నిత్యము, తెలియబడునది గనుక: తెలియబడుట కుండకును కలదు, ఆకాశమునకును కలదు, ఏమియు తేలదు. శబ్దము నిత్యము, వినబడునది గనుక: వినబడుట శబ్దమునందు తప్ప మరెచ్చటను లేదు; పోల్చుటకు తావే లేదు. శబ్దము నిత్యము, పుట్టించబడినది గనుక: ఇది తాను సాధింపబూనినదానినే కూల్చును. హేతువు అనుకూలస్థలములన్నిట కనబడనక్కరలేదు, ప్రతికూలస్థలమున ఒక్కచోటనైన కనబడినచో చాలు, చెడును. మన నిత్యవ్యవహారమున ఎన్ని నమ్మకములు అనుకూలస్థలములను మాత్రము లెక్కపెట్టి నిలిచియున్నవో పాఠకులే యోచింపవచ్చును.

ఈ పద్ధతి వైదికులకు రెండుచోట్ల ములుకైనది. శబ్దమును వేరు ప్రమాణముగా అంగీకరింపక అనుమానమున చేర్చుట ఒకటి; ఆవు అను పదము ఆవుకాని దానిని త్రోసిపుచ్చుటవలననే అర్థమిచ్చుననెడి అపోహవాదము రెండవది. వేదము స్వతఃప్రమాణమనువారు దీనిని ఎట్లు సహింతురు? ఉద్ద్యోతకరుడు న్యాయవార్తికమును కుతార్కికుల అజ్ఞానమును తొలగించుటకై వ్రాసితినని ప్రారంభించెను. ఆ కుతార్కికులు దిఙ్నాగాదులని వాచస్పతిమిశ్రుడు వివరించెను. కుమారిలభట్టు శ్లోకవార్తికమున అపోహమునకు ఒక ప్రకరణమునే కేటాయించి ఖండించెను. ఆత్మ శ్రుత్యేకగమ్యమనియు, నిరాధారమైన తర్కము నిలువదనియు వేదాంతులు నిలబడిన స్థానమును దిఙ్నాగుడు ఒప్పుకొనియుండడు. ఆ భేదము తుడిచివేయదగినది కాదు. అయినను ఆయనతో పోరినవారు ఆయన పనిముట్లనే సానబట్టుకొనిరి. నైయాయికులు హేతువు మూడు లక్షణములకు మరి రెండు చేర్చి అయిదు చేసిరి. తెలుగువాడైన అన్నంభట్టు రచించిన తర్కసంగ్రహమును చదువు బాలుడు నేటికిని అనుమానఖండమున స్వార్థపరార్థానుమానముల విభాగమును నేర్చుకొనుచున్నాడు.

మన తెలుగుసీమతో మరియొక చిత్రమైన సంబంధము కలదు. మెదకుసీమకు చెందిన కోలాచల మల్లినాథసూరి, మేఘదూతమునకు వ్యాఖ్య వ్రాయుచు, దిఙ్నాగుల గర్వమును ప్రస్తావించు శ్లోకమున కాళిదాసు తన ప్రతిపక్షియైన దిఙ్నాగాచార్యుని ఎత్తిపొడిచెనని శ్లేష చెప్పెను. ఇరువురి కాలములు సరిపడవని పలువురు విమర్శకులు దానిని ఒప్పుకొనరు. వ్యాఖ్యాత ఊహయే కావచ్చును గాని, దిఙ్నాగుని పేరు తొమ్మిది వందల యేండ్ల పిమ్మటను తెలుగు పండితునికి ఎంత పరిచితమో దీనివలన తెలియుచున్నది.

ఆచార్యుని కడపటి దినములు ఓఢ్రదేశమున గడచినవి. అచటి మంత్రి భద్రపాలితుని తోటలో ఎండిన కరక్కాయ చెట్టును సత్యవచనముచే చిగురింపజేసెనని ఒక కథ. సభలు, విజయములు, శిష్యులు ఎన్ని యున్నను, ఆ దేశపు అడవిలో ఏకాంతముననే ఆయన దేహము చాలించెనని తారానాథుడు వ్రాసెను.

ప్రమాణసముచ్చయపు సంస్కృతమూలము మన దేశమున నశించినది. రెండు టిబెట్టు అనువాదములు మిగిలినవి. వాని సాయమున మైసూరునుండి రంగస్వామి అయ్యంగారు 1930లో మొదటి పరిచ్ఛేదమును సంస్కృతమున పునర్నిర్మించిరి. జినేంద్రబుద్ధి వ్యాఖ్య సంస్కృతప్రతి టిబెట్టున దొరకగా, 2005లో దాని మొదటి పరిచ్ఛేదము ముద్రితమైనది. అంతకుముందు శతాబ్దులపాటు, ఆ గుహగోడమీది వ్రాతలోని సంస్కృతవాక్యములు కొన్ని మనకు దొరకినది, వానిని ఖండించుటకై ఉదాహరించిన ప్రతిపక్షుల పుస్తకములందే.