కాకినాడ చేరిన హాల్డేన్

మాది రామచంద్రపురం. కాకినాడ వెళ్ళినప్పుడల్లా రంగరాయ మెడికల్ కాలేజీ గేటు చూసేవాణ్ణి. జె.బి.ఎస్. హాల్డేన్ చివరికి చేరింది అక్కడికేనని ఈమధ్యే తెలిసింది.

ఆయన 1892లో ఆక్స్‌ఫర్డ్‌లో పుట్టారు. చదివింది లెక్కలు, గ్రీకు, లాటిన్, తత్వశాస్త్రం. సైన్సులో డిగ్రీయే లేదు! (బ్రాంచి నచ్చలేదని ఏడ్చే నాలాంటివాళ్ళు గమనించాలి.) అయినా డార్విన్ పరిణామ సిద్ధాంతానికి గణితం జోడించిన ముగ్గురిలో ఆయనొకరు. మాంచెస్టర్‌లో ఫ్యాక్టరీల మసి పెరిగాక, నల్లరెక్కల చిమ్మటలు 50 ఏళ్ళలో తెల్లవాటిని దాదాపు తుడిచిపెట్టేశాయి. అలా జరగాలంటే ఒక్కో తరంలో వాటికెంత లాభం దక్కాలో 1924లో లెక్కగట్టి చూపించారు. ఇలాంటి సంగతులే కార్మికులకి అర్థమయ్యేలా పత్రికల్లో వందల వ్యాసాలు రాశారు.

ప్రయోగమంటే ముందు తన ఒంటి మీదే. రెండో ప్రపంచ యుద్ధంలో జలాంతర్గామి సిబ్బంది ప్రాణాల కోసం పీడనపు గదుల్లో కూర్చుని, మూర్ఛలొచ్చి వెన్నుపూస దెబ్బతీసుకున్నారు.

1957లో కలకత్తా వచ్చేశారు. మన తెలుగువాడు ద్రోణంరాజు కృష్ణారావు ఆయన శిష్యుడై ఆంధ్రాలో మేనరికాల మీద పరిశోధన చేశారు. 1961లో హాల్డేన్ భారత పౌరుడయ్యారు. క్యాన్సర్ వస్తే దానిమీదా నవ్వుతూ పద్యం రాశారు, జనం తొందరగా డాక్టర్ దగ్గరికి వెళ్ళాలని. 1964 డిసెంబరు 1న భువనేశ్వర్‌లో పోయారు. ఆయన కోరిక ప్రకారం దేహాన్ని విద్యార్థుల చదువు కోసం రంగరాయకి ఇచ్చారు.

మా తాతగారు కూడా తన దేహం అక్కడికే ఇమ్మంటున్నారు. ఇంట్లో ఎవరూ ఒప్పుకోవట్లేదు. మొన్నటిదాకా నేనూ వద్దన్నవాణ్ణే. ఈ సంక్రాంతికి వెళ్ళాక, తాతగారి తరఫున మాట్లాడాలి.