ఓటు వేసిన నేరము: సుసాన్ ఆంథొనీ

సుసాన్ ఆంథొనీ 1820వ సంవత్సరము ఫిబ్రవరి 15వ తేదీన అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రములో ఆడమ్స్ అను ఊరిలో జన్మించెను. తండ్రి డేనియల్ నూలుమిల్లు నడిపించువాడు, క్వేకరు శాఖీయుడు. బాల్యములో ఆమెకు పెద్ద భాగహారము నేర్పుటకు బడిపంతులు అంగీకరింపలేదు. ఆడపిల్లకు ఆ లెక్కలేలయని ఆయన తలంపు కాబోలు. తండ్రి ఇంటనే బడి పెట్టించి పిల్లలకు చదువు చెప్పించెను.

1837లో దేశమంతటను వర్తకము కుప్పకూలెను. తండ్రి దివాలా తీసెను. ఇంటి సామాను వేలమునకు రాగా, మేనమామ పాడుకొని వారికే మరల ఇచ్చెను. సంసారమునకు ఆసరాగా సుసాన్ ఉపాధ్యాయిని అయి, ఇంచుమించు పదేండ్లు ఆ వృత్తిలో గడపెను. ఒకే పనికి పురుషునికంటె తనకు ఎంతో తక్కువ జీతము ముట్టుట ఆమె మరువలేదు.

1853లో రోచెస్టరు నగరమున న్యూయార్క్ రాష్ట్ర ఉపాధ్యాయుల మహాసభ జరిగెను. వచ్చినవారిలో అధికసంఖ్యాకులు స్త్రీలే. మాటలాడువారు మాత్రము పురుషులు. వకీలుకు, వైద్యునికి గల మర్యాద ఉపాధ్యాయునికి ఏల లేదను చర్చ సాగుచుండగా సుసాన్ లేచి, తానును మాటలాడుదుననెను. అధ్యక్షుడు గొప్ప గణితశాస్త్రవేత్త. కాని ఈ లెక్క ఆయనకు తెగలేదు. స్త్రీ సభలో నోరు విప్పవచ్చునా, విప్పరాదా అని పురుషులు అరగంటసేపు తర్జనభర్జనలు పడిరి. కూర్చున్నచో అవకాశము చేజారునని ఆమె అంతసేపును నిలుచుండియే యుండెను. తుదకు స్వల్పాధిక్యముతో అనుమతి లభించెను. ఆమె చెప్పినది కొద్ది మాటలే. స్త్రీకి వకీలుగనో వైద్యురాలుగనో ఉండుటకు బుద్ధి చాలదట, పాఠము చెప్పుటకు మాత్రము చాలునట. అట్లయిన ఉపాధ్యాయ వృత్తి స్వీకరించిన ప్రతి పురుషుడును తన బుద్ధియు అంతియేయని ఒప్పుకొనుచున్నట్లు కాదా అని ఆమె ప్రశ్న. స్త్రీల చౌక శ్రమతో పోటీపడునంతవరకు పురుషుల జీతములును పెరుగవని సూచించి కూర్చుండెను. జీతములను గూర్చి తీర్మానములు చేసికొనుచుండు మనవంటి వారికి ఈ తర్కము నేటికిని పాతబడలేదు.

అంతకు రెండేండ్ల ముందే ఎలిజబెత్ స్టాంటన్‌తో ఆమెకు స్నేహము కుదిరెను. స్టాంటన్ వ్రాయునది; సుసాన్ ఊరూర తిరిగి చెప్పునది. బానిసత్వ నిర్మూలనమునకై వీరిరువురు 1863లో స్థాపించిన సంఘము దాదాపు 4 లక్షల సంతకములు సేకరించెను. యుద్ధానంతరము నీగ్రో పురుషులకు ఓటుహక్కునిచ్చు 15వ రాజ్యాంగ సవరణ వచ్చినపుడు స్త్రీల పేరెత్తినవారు లేరు. చిరకాల మిత్రుడగు ఫ్రెడరిక్ డగ్లస్ ముందు నీగ్రోల ప్రాణరక్షణ అనెను. సుసాన్ స్త్రీలను విడనాడరాదనెను. 1869లో ఉద్యమము రెండుగా చీలెను. ఆ కోపములో ఆమె పక్షమువారు నీగ్రోలను గూర్చి ఆడిన మాటలు కొన్ని ఆమె గౌరవమునకు తగినవి కావు. జీవితచరిత్ర వ్రాయువారు దీనిని దాచుట న్యాయము కాదు.

అమెరికాలో పుట్టిన వారందరు పౌరులేయని 14వ సవరణ చెప్పుచున్నది గదా, పౌరులకు ఓటు లేకపోవుట యెట్లని ఆమె వాదము. 1872 నవంబరు 1న తోబుట్టువులతో కలిసి రోచెస్టరులో ఒక మంగలి దుకాణమున నడుచుచున్న ఓటర్ల నమోదుకేంద్రమునకు వెళ్లి పేరు వ్రాయించుకొనెను. 5వ తేదీన ఓటు వేసెను. 18వ తేదీన ప్రభుత్వాధికారి ఇంటికి వచ్చి ఆమెను అరెస్టు చేసెను. నీగ్రోల ఓటును కాపాడుటకై 1870లో చేసిన చట్టమునే ఆమెపై ప్రయోగించుట విచిత్రము.

విచారణకు ముందు ఆమె ఆ జిల్లాలోని 29 ఊళ్లలోను ఉపన్యసించెను. జూరీ సభ్యుల మనస్సులు మారునని భయపడి ప్రభుత్వము విచారణను పొరుగు జిల్లాకు మార్చెను. ఆమె అచ్చటను తిరిగెను. 1873 జూన్‌లో కెనండేగ్వా పట్టణమున విచారణ జరిగెను. న్యాయమూర్తి వార్డ్ హంట్ ఆమెను సాక్ష్యము చెప్పనీయలేదు. ముందే వ్రాసికొని వచ్చిన తీర్పు చదివి, దోషియని ప్రకటింపవలసినదిగా జూరీని ఆదేశించెను. నూరు డాలర్ల జుల్మానా. ఒక్క డాలరైనను చెల్లింపనని ఆమె నిండు కోర్టులో చెప్పెను. చెల్లించువరకు జైలులో నుంచుమని న్యాయమూర్తి ఉత్తరువు చేయలేదు. చేసియున్నచో పైకోర్టుకు పోవు దారి తెరుచుకొనెడిది!

1878లో ఆమె సహచరుల కోరికపై స్త్రీల ఓటుహక్కు సవరణ సెనేటులో ప్రవేశపెట్టబడెను. ఏండ్లు గడచినను నెగ్గలేదు. 1900లో రోచెస్టరు విశ్వవిద్యాలయము స్త్రీలను చేర్చుకొనుటకు సొమ్ము చాలనపుడు ఆమె తన జీవితభీమా పత్రమునే హామీగా ఇచ్చెను. 1906 మార్చి 13న ఆమె మరణించునాటికి నాలుగు రాష్ట్రములలో మాత్రమే స్త్రీలకు పూర్తి ఓటుండెను. 1878 నాటి ఆ మాటలతోనే 19వ సవరణ 1920 ఆగస్టులో ఆమోదము పొందెను. దక్షిణ రాష్ట్రములలోని నీగ్రో స్త్రీలకు మాత్రము అది అక్కరకు వచ్చుటకు 1965 నాటి ఓటుహక్కుల చట్టము కావలసివచ్చెను.

2020లో అధ్యక్షుడు ట్రంప్ ఆమెకు క్షమాభిక్ష ప్రసాదించెను. రోచెస్టరులోని ఆమె ఇంటిని మ్యూజియముగా నడుపువారు దానిని అంగీకరింపలేదు. క్షమను స్వీకరించిన ఆనాటి విచారణ చెల్లునని ఒప్పుకొనినట్లగునని వారి వాదము. ఆ నూరు డాలర్లు నేటికిని బాకీయే.