నల్లమచ్చ వెనుక నిజాన్ని వెదకిన వైద్యుడు: మోరిట్జ్ కపోసి

చర్మం మీద కనిపించే నల్లమచ్చలన్నీ ఒకే జాతివి కావు. కొన్ని కేవలం పుట్టుమచ్చలు. వాటివల్ల సాధారణంగా ఏ హానీ ఉండదు. కొన్ని ప్రాణాంతకమైన క్యాన్సర్లు. మరికొన్నింటి నలుపునకు కారణం చర్మంలోని రంగుద్రవ్యం కానే కాదు. కంటికి ఒక్కటిగా కనిపించే ఈ మచ్చలను వేరుపరచిన మహావైద్యులలో మోరిట్జ్ కపోసి ఒకరు. వారి జీవితాన్ని మా విద్యార్థి సోదర సోదరీమణుల ముందుంచుతున్నాము.

కపోసి 1837 అక్టోబరు 23న హంగేరీలోని కపోష్వార్ పట్టణంలో ఒక పేద యూదు కుటుంబంలో జన్మించారు. ఇంటిపేరు కోన్. వియన్నాలో వైద్యవిద్య నభ్యసించి 1861లో డాక్టరు పట్టా పొందారు. చర్మవైద్యానికి ఆనాడు వియన్నాయే విద్యాపీఠం. ఫెర్డినాండ్ హెబ్రా దానికి ఆచార్యుడు. కపోసి ఆయనకు శిష్యుడై, సహాయకుడై, తుదకు అల్లుడు కూడ అయినారు. వియన్నా వైద్యులలో కోన్ అనే పేరు గలవారు పలువురుండుటచేత, 1871లో తాను పుట్టిన ఊరి పేరు మీదుగా కపోసి అని ఇంటిపేరు మార్చుకొన్నారు. 1880లో గురువు గతించగా, మరుసటి సంవత్సరం ఆయన స్థానాన్ని అలంకరించారు.

1872లో ఆయన ఒక అరుదైన వ్యాధిని లోకానికి తెలిపారు. రోగులు ఐదుగురు, అందరూ నలభై దాటిన పురుషులే. వారి కాళ్ల మీద, చేతుల మీద ఎరుపు, గోధుమ, నీలం కలిసిన ముదురు కంతులు లేచాయి. వారిలో ఒకరు మరణించగా, శవపరీక్షలో ఊపిరితిత్తులలోను, జీర్ణకోశంలోను అట్టి కంతులే బయటపడ్డాయి. రంగును బట్టి కపోసి దానికి వర్ణసార్కోమా అనే అర్థం వచ్చే పేరు పెట్టారు. కాని 1894లో ఆ పేరును తామే మార్చి, రక్తస్రావ సార్కోమా అన్నారు. ఆ నలుపు రంగుద్రవ్యానిది కాదు. సన్నని రక్తనాళాల నుండి కారి చర్మంలో నిలిచిన నెత్తురుది. తాము పెట్టిన పేరును ఇరువది రెండేండ్లకు తామే దిద్దుకొనడంలో వారి గొప్పతనం ఉన్నదని మేము భావిస్తున్నాము.

శరీరం నుండి చిన్న ముక్క తీసి పరీక్షించే పద్ధతికి 1879లో బయాప్సీ అని పేరు పెట్టినవారు పారిస్ చర్మవైద్యులు ఎర్నెస్ట్ బెనియే. కపోసి గ్రంథాన్ని ఫ్రెంచి భాషలోకి తెచ్చిన ఇరువురిలో ఆయన ఒకరు. నేటి వైద్యులు మచ్చ ఉన్నచోట మత్తు సూది వేసి, కొద్ది మిల్లీమీటర్ల ముక్క తీస్తారు. దానిని ఫార్మలిన్‌లో భద్రపరచి, మైనంలో పొదిగి, అతి పలుచని పొరలుగా కోసి, రంగులద్ది సూక్ష్మదర్శిని కింద చూస్తారు. కపోసి వర్ణించిన వ్యాధి అయితే కదురు ఆకారపు కణాలు, నెత్తురు నిండిన సన్నని చీలికలు కనిపిస్తాయి. మెలనోమా అయితే రంగుద్రవ్యాన్ని తయారుచేసే కణాలే హద్దుమీరి పెరిగి ఉంటాయి. రెండింటికీ చికిత్సలు వేరు. పొరబడితే నష్టపోయేది రోగి.

కపోసి 1902 మార్చి 6న వియన్నాలో కన్నుమూశారు. 1981లో అమెరికాలో యువకులకు ఈ కంతులు రావడం ఎయిడ్స్ వ్యాధిని తొలిసారి గుర్తించుటకు తోడ్పడింది. 1994లో యువాన్ చాంగ్, పాట్రిక్ మూర్ దంపతులు దీనికి మూలమైన వైరస్‌ను కనుగొన్నారు.

ముక్క తీస్తే రోగం పాకుతుందనే భయం మన ఇండ్లలో ఇంకను ఉన్నది. చర్మపు మచ్చల విషయంలో ఆ భయానికి ఆధారం లేదు. ఆలస్యమే అసలు ప్రమాదం. పెరిగే మచ్చను, రంగు మారే మచ్చను, నెత్తురు కారే మచ్చను పసరుతోనో సున్నంతోనో కప్పిపుచ్చక వైద్యునికి చూపించాలి. చదువుకున్న మనమే ఈ మాట మన పెద్దలకు నచ్చజెప్పాలి. కపోసి వంటి వైద్యునికి మనం తీర్చగల ఋణం ఇదే.